కరువు నేలలో రెండో అవకాశం: క్రైస్తవ ప్రేమ నవలలు – ఒక పరిచయం

ప్రేమ నవల అనగానే మన సంఘాల్లో పెద్దలు ముఖం చిట్లిస్తారు. సినిమా కథలు, టీవీ సీరియళ్లు గుర్తుకొచ్చి, విశ్వాసుల ఇంట్లో ఇవెందుకు అని అడుగుతారు. ఆ జాగ్రత్తలో కొంత న్యాయం ఉంది. అయినా క్రైస్తవ లోకంలో చాలా విస్తారంగా చదివే కథల్లో ప్రేమ కథలు ఉన్నాయి. వాటిలో ఎక్కువసార్లు తిరిగి తిరిగి వచ్చే విషయాలు రెండు. ఒకటి, చితికిపోయిన జీవితానికి దేవుడు మళ్లీ తలుపు తెరవడం. రెండోది, ఆ తలుపు దాటనివ్వకుండా మనిషిని పట్టి ఆపే భయం. ఈ నవలలు ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చాయి, మన సంఘాల్లో వీటిని ఎలా చదవాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాం.

అనంతపురం మెట్ట సీమను కళ్ల ముందు పెట్టుకుని దీన్ని రాస్తున్నాం. అందుకు కారణం ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఈ నేలలో రెండో అవకాశం అనేది పుస్తకాల్లో మాట కాదు. జూన్‌లో విత్తిన చెనక్కాయ పూత దశలో ఎండిపోతే, మళ్లీ అప్పు చేసి మరుసటి ఏడు మళ్లీ విత్తడమే ఇక్కడి సేద్యం. భయం కూడా ఇక్కడివారికి పరాయిది కాదు. మొగులు పట్టినా భయమే, పట్టకపోయినా భయమే.

క్రైస్తవ ప్రేమ నవల అంటే ఏమిటి

ఒక స్త్రీ, ఒక పురుషుడు, వారి మధ్య ప్రేమ, చివరికి పెళ్లి. ఇంతవరకు మామూలు ప్రేమ నవలకూ దీనికీ తేడా లేదు. తేడా మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది, ఈ కథల్లో ఇద్దరితో పాటు దేవుడు కూడా ఉంటాడు. అంటే పాత్రల నోట వచనాలు పలికించడం కాదు, వాళ్లు తీసుకునే నిర్ణయాలు ఆయన ఎదుట జరగడం. రెండవది, ప్రేమ అంటే ఇందులో మనసులో పుట్టే ఉద్వేగం ఒక్కటే కాదు, ఇచ్చిన మాట మీద నిలబడటం. మూడవది, గతం దాచిపెట్టవలసిన మరక కాదు, విడిపించవలసిన బంధకం.

ఈ మూడూ కొత్తగా ఎవరో కనిపెట్టినవి కావు. వీటి మూలం మన బైబిలులోనే ఉంది.

మూల కథ: రూతు

రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. అది కరువుతో మొదలవుతుంది. బేత్లెహేము వాడైన ఎలీమెలెకు కరువు వల్ల భార్యనూ ఇద్దరు కొడుకులనూ తీసుకుని మోయాబుకు వెళ్లిపోతాడు. ఈ మొదటి వచనాలను కోస్తా డెల్టా పాఠకుడు ఒక విధంగా చదివితే, కదిరి, కళ్యాణదుర్గం వైపు పాఠకుడు మరో విధంగా చదువుతాడు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను ఊళ్లో వదిలి, బెంగళూరులో కట్టడం పనికి వెళ్లిన కుటుంబాలు అతని వీధిలోనే ఉంటాయి. మన తాతముత్తాతలు చెప్పుకున్న ధాత కరువు, అంటే 1876–78 నాటి మహా క్షామం, ఈ ప్రాంతాన్నే పీడించింది. ఎలీమెలెకు ఎందుకు వెళ్లాడని ఈ సీమలో ఎవరికీ విప్పి చెప్పనవసరం లేదు.

మోయాబులో పదేళ్లు గడిచేసరికి ముగ్గురు మగవాళ్లూ చనిపోతారు. మిగిలింది ముగ్గురు విధవరాండ్రు. నయోమి వట్టి చేతులతో తిరిగి వచ్చి, తనను ఇక నయోమి అనవద్దనీ, చేదు అనే అర్థమున్న మారా అని పిలవమనీ ఊరివాళ్లతో అంటుంది. ఆమెను విడువకుండా వెంట వచ్చిన రూతు అన్యదేశస్థురాలు, విధవరాలు, బీదరాలు. ఆమెకు ఉన్న ఒకే ఆధారం పరిగె ఏరుకునే హక్కు. కోతలో జారిన గింజలను బీదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపించింది. చెనక్కాయ చెట్టు పీకేశాక చేలో మిగిలిన కాయలు ఏరుకునే ఆడవాళ్లను చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు.

ఇక్కడి నుంచి జరిగేది గమనించాలి. బోయజుకు రూతు మీద దయ కలిగింది. అయితే కథ ఆ దయతో ఆగలేదు. కళ్లములో ఆ రాత్రి ఆమెకు భయపడవద్దని చెప్పిన బోయజు (3:11), తెల్లవారగానే ఊరి గవిని దగ్గరకు వెళ్లి పదిమంది పెద్దలను కూర్చోబెట్టాడు (4:2). తనకంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. అతడు నయోమి పొలం తీసుకోవడానికి సరేనన్నాడు. పొలంతో పాటు విధవరాలైన రూతును కూడా స్వీకరించాలని తెలిసేసరికి, తన స్వాస్థ్యం పాడవుతుందని వెనక్కి తగ్గాడు (4:6). బోయజు ఆ ఖర్చును నలుగురి ఎదుట తన మీద వేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన ఓబేదు దావీదుకు తాత అయ్యాడు. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, మన ప్రభువు వంశావళిలో, రూతు పేరు ఉంది.

ఈ కథలో మాకు కనిపించే ముఖ్యమైన విషయం ఇది. రెండో అవకాశం అనేది ఒంటరి మనసులో పుట్టే ధైర్యం కాదు. ఎవరో ఒకరు దాని ఖర్చు భరించి, సమాజం ముందు మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకుంటే వచ్చేది. భయం కూడా ఉపదేశంతో పోదు. ఇచ్చిన మాట నిలుస్తున్న కొద్దీ తగ్గుతుంది. మంచి క్రైస్తవ ప్రేమ నవలకూ చౌకబారు నవలకూ తేడా తెలుసుకోవడానికి ఈ ఒక్క కొలత చాలు.

మన దేశంలో ఈ కథల తొలి అడుగులు

క్రైస్తవ నవల అంటే అమెరికా సరుకు అనుకుంటాం. నిజానికి మన దేశంలో నవల అనే ప్రక్రియ పుట్టినప్పుడే ఈ విషయం అందులో ఉంది. మరాఠీలో తొలి నవలగా పేరు పొందిన 'యమునా పర్యటన్' 1857లో వెలువడింది. రాసింది బాబా పద్మన్‌జీ అనే క్రైస్తవుడు. ఆనాటి విధవరాండ్ర కష్టాలే అందులో వస్తువు. కథానాయిక యమున తానే భర్తను పోగొట్టుకుని, చివరికి క్రీస్తును నమ్మి, మళ్లీ పెళ్లి చేసుకుంటుంది. విధవరాలు తలెత్తి నడవడమే కష్టమైన కాలంలో ఒక నవల ఆమెకు రెండో ఇల్లు చూపించింది.

తెలుగులో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర' 1878లో పత్రికలో ధారావాహికగా మొదలై, 1880లో పుస్తకంగా వచ్చింది. దానికి ప్రేరణ ఇచ్చినది ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'. అది ఒక పల్లెటూరి పాదిరి కుటుంబం కథ. ఆ పాదిరి ఆస్తి పోతుంది, ఇల్లు కాలిపోతుంది, తానే చెరసాల పాలవుతాడు. మోసగాణ్ణి నమ్మి వెళ్లిపోయిన కూతురు ఒలీవియాను అతడు వెదుక్కుంటూ వెళ్లి, మాట తూలకుండా ఇంటికి తెచ్చుకుంటాడు. అంటే మన తెలుగు నవల వెనుక నిలిచిన పుస్తకంలో తప్పిపోయిన కూతురిని చేర్చుకునే ఒక కాపరి ఉన్నాడు. వీరేశలింగం క్రైస్తవుడు కాడు, బ్రహ్మసమాజం వైపు నడిచినవాడు. కానీ నవలతో ఆగలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, దాని వల్ల వచ్చిన వెలిని, తిట్లను భరించాడు. ఖర్చు భరించేవాడు కావాలన్న మాటకు ఇది మన భాషలోనే దొరికే నిదర్శనం.

పడమటి దేశాల్లో మూడు పుస్తకాలు

ఈనాడు క్రైస్తవ ప్రేమ నవల అనే పేరుతో పుస్తకాల అంగళ్లలో దొరికేవాటికి దారి వేసినవి ముఖ్యంగా మూడు. ఇంగ్లీషు చదివే మన యౌవనస్థుల చేతుల్లో ఇవి కనిపిస్తుంటాయి కనుక పెద్దలూ తెలుసుకోవడం మంచిది.

మొదటిది కేథరిన్ మార్షల్ రాసిన 'క్రిస్టీ' (1967). పంతొమ్మిదేళ్ల అమ్మాయి 1912లో అమెరికా కొండ పల్లెల్లో బడి నడపడానికి వెళ్తుంది. రచయిత్రి తన తల్లి జీవితాన్ని ఆధారం చేసుకుని దీన్ని రాసింది. పేదరికం, పగలు, టైఫాయిడ్ జ్వరం మధ్య ఆ అమ్మాయి విశ్వాసం పరీక్షకు నిలుస్తుంది. రచయిత్రి జీవితం కూడా గమనించదగినదే. కాపరి అయిన భర్త పీటర్ మార్షల్ 1949లో చనిపోగా, పదేళ్ల తరువాత, 1959లో, ఆమె మళ్లీ వివాహం చేసుకుంది. ఆ తరువాతే ఈ నవల వచ్చింది.

రెండవది కెనడా రచయిత్రి జానెట్ ఓక్ రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' (1979). కొత్త నేల వెదుక్కుంటూ వలస పోతున్న దారిలో మార్టీ అనే యువతి భర్త చనిపోతాడు. పాతిపెట్టిన రోజే, క్లార్క్ అనే వ్యక్తి వచ్చి, భార్య పోయిన తన ఇంట్లో పసిబిడ్డకు తల్లి కావాలనీ, పెళ్లి పేరుకే ఉంటుందనీ చెబుతాడు. వసంతంలో వెనక్కి వెళ్లాలనుకుంటే దారి ఖర్చు తానే ఇస్తానంటాడు. పుస్తకమంతా అతడు ఆ మాట నిలబెట్టుకోవడమే. అందుకే ఆమె భయం నెమ్మదిగా కరుగుతుంది. పెద్ద సంఘటనలు లేవు. రొట్టె కాల్చడం, కోళ్లను కోయడం, పసిదాని జ్వరం. అయినా వలస తెలిసిన మన ప్రాంతపు ఆడవాళ్లకు ఇది దగ్గరగా తోస్తుంది.

మూడవది ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్' (1991). ఆమె అంతకు ముందు లౌకికమైన ప్రేమ నవలలు రాసేది. ప్రభువును తెలుసుకున్న తరువాత రాసిన పుస్తకమిది. దీనికి ఆధారం హోషేయ గ్రంథం. తనను విడిచిపోయిన స్త్రీని హోషేయ వెండి, యవలు వెలగా ఇచ్చి తిరిగి తెచ్చుకున్న సంగతి మూడవ అధ్యాయంలో ఉంది. నవల 1850 ప్రాంతపు కాలిఫోర్నియాలో, బంగారం వేట రోజుల్లో నడుస్తుంది. పసితనంలోనే వ్యభిచార వృత్తికి అమ్ముడుపోయిన అమ్మాయిని ఒక రైతు పెళ్లి చేసుకుంటాడు. ఆమె పదే పదే పారిపోతుంది. అతడు చెడ్డవాడై కాదు, ప్రేమను నమ్మడానికి ఆమెకు భయం. 2022లో ఇది సినిమాగా కూడా వచ్చింది. ఇందులోని కొన్ని ఘట్టాలు పసివాళ్లు చదవదగినవి కావు. పెద్దల తోడుతో, వయసు వచ్చినవారే చదవాలని మా సలహా.

మన జిల్లాల్లో దీన్ని దూరదేశపు కథగా పక్కన పెట్టలేం. కరువు మండలాల నుంచి పని ఇప్పిస్తామని ఆశ చూపి ఆడపిల్లలను పెద్ద నగరాలకు తరలించిన వార్తలు ఎన్నోసార్లు పత్రికల్లో వచ్చాయి. అలా వెళ్లి తిరిగి వచ్చిన అమ్మాయి ఆదివారం ఆరాధనకు వస్తే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? హోషేయ గ్రంథం మన ముందు పెట్టే ప్రశ్న ఇదే.

అనంతపురంలో జరిగిన ఒక కథ

ఇది నవల కాదు. స్పెయిన్ దేశస్థుడైన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ మిషనరీగా 1952లో మన దేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బీద రైతుల మధ్య పనిచేశాడు. 1968లో దేశం విడిచి వెళ్లమని ప్రభుత్వం ఆదేశించింది. ఆయన కోసం వేల మంది రైతులు వీధుల్లోకి వచ్చారు. 1969లో తిరిగి రావడానికి అనుమతి దొరికింది. ఆ రెండో రాకలో ఆయన చేరిన చోటు అనంతపురం. 1970లో జెస్యూట్ సభను విడిచి, ఇంగ్లండుకు చెందిన పత్రికా రచయిత్రి ఆన్ పెర్రీని వివాహం చేసుకున్నాడు. ఇద్దరూ కలిసి నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును ఈ సీమలో ఆర్‌డీటీ అంటే చాలు, ఎవరైనా చెబుతారు. బడులు, ఇళ్లు, చెరువులు, బత్తలపల్లి ఆసుపత్రి ఆ పని ఫలాలు. 2009 జూన్ 19న అనంతపురంలోనే ఆయన కన్నుమూశాడు. ఆన్ ఇక్కడే ఉండి పని కొనసాగించింది.

ఆయన సభను విడిచిన నిర్ణయంపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. దాని మీద తీర్పు చెప్పడం ఇక్కడ మా ఉద్దేశం కాదు. మేము చూపించదలచింది ఒకటే. ఆ పెళ్లి రోజును ఇక్కడ పెద్దగా ఎవరూ తలచుకోరు. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు వాళ్లు వెళ్లిపోకుండా ఉండటాన్నే తలచుకుంటారు. ప్రేమ నవల చివరి పుట పెళ్లితో ముగియవచ్చు. రెండో అవకాశం నిజమా కాదా అన్నది ఆ పుట తరువాతే తేలుతుంది.

భయానికి ఉన్న పేర్లు

నవలల్లో భయం ఒక్కటిగా కనిపిస్తుంది. మన ఇళ్లలో దానికి చాలా పేర్లున్నాయి. అప్పుల బాధతో ప్రాణం తీసుకున్న రైతుల భార్యలు ఈ సీమలో ఎందరో ఉన్నారు. వాళ్లలో చిన్న వయసువారికి మళ్లీ పెళ్లి మాట ఎత్తాలంటే అత్తింటివారు పొలం రాసివ్వరేమోనని భయం. పిల్లలను కొత్త మనిషి చూడడేమోనని భయం. నలుగురూ ఏమంటారోనని భయం. రూతు కథలో పొలమూ విధవరాలూ ఒకే వ్యవహారంలో ముడిపడి ఉండటం ఊరికే కాదు.

ఈ చివరి భయానికి కారణం చాలాసార్లు మనమే. క్రీస్తులో అందరూ ఒక్కటే అని పాడే సంఘాల్లో కూడా, పెళ్లి పనుల్లో విధవరాలిని వెనక్కి జరిపే అలవాటు వచ్చి చేరింది. వాక్యం అలా చెప్పడం లేదు. భర్త చనిపోయిన స్త్రీ ప్రభువునందు తనకు ఇష్టమైనవానిని పెళ్లి చేసుకోవడానికి స్వతంత్రురాలని 1 కొరింథీయులు 7:39 స్పష్టంగా చెబుతుంది. యౌవన విధవరాండ్రు వివాహం చేసుకుని ఇల్లు చక్కబెట్టుకోవాలని పౌలు 1 తిమోతి 5:14లో కోరాడు. చట్టమూ అడ్డు కాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద విధవరాలి పెళ్లి మిగతా పెళ్లిళ్లతో సమానం.

విడాకుల తరువాత పెళ్లి విషయంలో సంఘాల బోధ ఒకేలా లేదు. దాన్ని కాపరితో కూర్చుని వాక్యం ముందు పరిశీలించుకోవాలి. చట్టం మాత్రం తెలిసి ఉండాలి. 1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవ భార్యకు భర్తకంటే కఠినమైన నిబంధనలు పెట్టింది. 2001 సవరణ ఇద్దరికీ సమానమైన కారణాలు కల్పించింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పక తప్పదు. కొన్ని నవలలు, కొందరు సలహాదారులు రెండో అవకాశం అంటే కొట్టే భర్త దగ్గరకు తిరిగి వెళ్లడమని నేర్పుతారు. బోయజు గవిని దగ్గర చేసింది అది కాదు. క్షమించడం వేరు, ప్రాణానికి ముప్పు ఉన్న ఇంటికి పంపడం వేరు. అలాంటి స్థితిలో ఉన్న సహోదరికి 2005 నాటి గృహహింస నిరోధక చట్టం రక్షణ ఇస్తుంది. 181 నంబరుకు ఫోను చేస్తే మహిళా సహాయ కేంద్రం పలుకుతుంది. ఆమె భయం అవిశ్వాసం కాదు. చాలాసార్లు అది దేవుడు ఇచ్చిన వివేకం.

చదివేవారికి కొన్ని ప్రశ్నలు

స్త్రీల సమాజంలో గాని, యౌవనుల కూడికలో గాని ఇలాంటి నవలను కలిసి చదవాలనుకునేవారు ఈ ప్రశ్నలు ముందుంచుకుంటే మేలు.

ఈ కథలో రెండో అవకాశం ఖర్చు ఎవరు భరించారు? ఎవరూ భరించకపోతే అది కల మాత్రమే.

భయం ఎలా పోయింది? ఒక్క రాత్రిలో, ఒక్క ప్రార్థనతో మాయమైందా, లేక నమ్మకం కలిగేంత కాలం ఎవరైనా తోడు నిలిచారా? పేతురు సంగతి గుర్తుచేసుకోండి. యోహాను 18లో అతడు ప్రభువును ఎరుగనన్నది నిప్పుల మంట దగ్గర. 21వ అధ్యాయంలో ప్రభువు అతణ్ణి మళ్లీ పిలిచినప్పుడు కూడా ఒడ్డున నిప్పులున్నాయి. పడిన చోటును దాటవేయకుండా, ఆ జ్ఞాపకంలో నుంచే ఆయన పేతురును లేవనెత్తాడు. మూడుసార్లు ఎరుగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు. మంచి నవల కూడా గతాన్ని ఇలాగే ముట్టుకుంటుంది.

కథలో సంఘం ఎక్కడుంది? ఇద్దరి ప్రేమ మాత్రమే ఉండి, పెద్దలు, పొరుగువారు, కాపరి కనిపించకపోతే ఆ కథలో సగం లేదన్నమాట.

పెళ్లి కాకపోయినా ఆ పాత్రకు రెండో అవకాశం ఉందా? నయోమి మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అయినా ఆమె ఒడిలో బిడ్డ చేరాడు, ఆమె చేదు పోయింది. ఒంటరిగా ఉండటానికి నిశ్చయించుకున్న సహోదరీ సహోదరుల జీవితాన్ని సగం జీవితంగా చూపే నవల వాక్యానికి దూరంగా ఉన్నట్టే.

ముగింపు

తెలుగులో ఇలాంటి నవలలు ఇంకా రావాలని మా కోరిక. గుత్తి కోట నీడలో, ధర్మవరం మగ్గాల మధ్య, రాయదుర్గం దారిలో ఎండిన చెరువు గట్టు మీద ఈ కథలు ఉన్నాయి. రాయగలవారు మన సంఘాల్లో ఉన్నారు. వారికి మేము చెప్పేది ఒక్కటే. కాలిఫోర్నియా బంగారం గనులను మళ్లీ రాయకండి. మీ పక్కింటి విధవరాలి కథను, ఆమె పేరు దాచి, ఆమె గౌరవం కాపాడి రాయండి.

చదివేవారికి కూడా ఒక మాట. పుస్తకం మూసిన తరువాత మన సంఘంలో ఒక్కరి భయమైనా తగ్గిందా అని అడుగుదాం. వచ్చే ఆదివారం వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న సహోదరిని ముందుకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే, రూతు గ్రంథాన్ని మనం నిజంగా చదివినట్టే. వాన ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. చేలో పరిగె వదలడం మాత్రం మన చేతిలోనే ఉంది.